ఉద్యోగ బీమా లేని ఇంటికి పంటి వైద్యం
(సొసైటీ వార్షిక సభలో ఒక దంత వైద్యుని ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో గుండె గురించి, కిడ్నీల గురించి, షుగరు గురించి డాక్టర్లు మాట్లాడడం మామూలే. పళ్ల గురించి మాట్లాడమంటే కొంచెం చిన్న విషయంలాగే అనిపిస్తుంది. పన్ను నొప్పితో ఎవరూ చచ్చిపోరు కదా అంటారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు, దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు ఒక ప్రశ్న. మన మస్జిదు ఇమాం సాబుకు గానీ, ముఅజ్జిన్ సాబుకు గానీ, మదర్సాలో చదువు చెప్పే ఉస్తాదుకు గానీ, వెల్డింగ్ షాపులో పనిచేసే కుర్రాడికి గానీ, ఆటో నడిపే అన్నకు గానీ, ఇంట్లో మిషను కుట్టుకునే అక్కకు గానీ రేపు పొద్దున దవడ పన్ను పుచ్చితే, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

బ్యాంకు ఉద్యోగికి, సాఫ్ట్‌వేరు కంపెనీ ఉద్యోగికి కంపెనీ ఇచ్చే పాలసీ ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగికి ప్రభుత్వ పథకం ఉంటుంది. ఇందాక చెప్పిన వాళ్లకు యజమాని ఇచ్చే కార్డంటూ ఏదీ ఉండదు. మన జమాఅత్‌లో వాళ్లే ఎక్కువ. నేను ఈ రోజు వాళ్ల గురించే మాట్లాడతాను. వాళ్లకు అందుబాటులో ఉన్న దారులేమిటి, ఏది ఎంతవరకు పనికొస్తుంది, దాతలుగా మీ రూపాయి ఎక్కడ పెడితే ఎక్కువ మేలు జరుగుతుంది, ఇదీ నా విషయం.

పన్ను ఎలా పాడవుతుంది, ఖర్చు ఎలా పెరుగుతుంది

పన్ను ఒక్క రోజులో పాడవదు. మొదట చిన్న నల్ల చుక్క. నొప్పి ఉండదు. ఆ దశలో శుభ్రం చేసి సిమెంటు నింపితే సరిపోతుంది. ఊరిని బట్టి, డాక్టరును బట్టి వెయ్యి రూపాయలు అటూ ఇటూ. దాన్ని వదిలేస్తే పుచ్చు లోపలి నరం దాకా పోతుంది. అప్పుడు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని నొప్పి. అప్పుడు రూట్ కెనాల్ చేయాలి, పైన క్యాపు వేయాలి. రెండూ కలిపితే ఆరు వేలు మొదలు పదిహేను వేల దాకా పోతుంది. అదీ వదిలేస్తే పన్ను పీకడమే. పీకడం చవకే. కానీ ఆ ఖాళీలోకి పక్క పళ్లు ఒరుగుతాయి, ఎదుటి పన్ను దిగుతుంది, నమలడం ఒక పక్కకే పరిమితమవుతుంది. కొన్నేళ్లకు కట్టుడు పన్ను ఖర్చు వస్తుంది.

ఇంతకంటే ప్రమాదం ఇంకొకటుంది. కింది దవడ పన్ను చీము నాలుక కిందికి, గొంతులోకి దిగితే ఊపిరి ఆడని పరిస్థితి వస్తుంది. లుడ్విగ్ ఆంజైనా అంటాం. షుగరు ఉన్నవాళ్లలో ఇది తొందరగా ముదురుతుంది. సమయానికి ఆసుపత్రికి చేరకపోతే ప్రాణం పోతుంది. పన్ను నొప్పితో ఎవరూ చావరనే మాట నిజం కాదన్నది అందుకే.

మన వాళ్లలో చాలామంది ఈ మెట్లన్నీ మందుల షాపు మీదుగా దిగుతారు. నొప్పి వస్తే రెండు నొప్పి బిళ్లలు, నాలుగు యాంటీబయాటిక్ బిళ్లలు. నొప్పి తగ్గుతుంది, పుచ్చు తగ్గదు. నెల తర్వాత మళ్లీ అదే చీటీ. ఏడాదిలో బిళ్లలకు పోసిన డబ్బుతో ఆ పన్ను మొదట్లోనే బాగయ్యేది. కొందరు రోడ్డు పక్కన పళ్లు కట్టేవాళ్ల దగ్గరికి పోతారు. వాళ్లు పక్కనున్న మంచి పళ్లకు తీగ చుట్టి, పిండి లాంటి పదార్థం అతికించి పంపిస్తారు. ఆరు నెలల్లో ఆ మంచి పళ్లు కూడా కదులుతాయి. రిజిస్ట్రేషను లేకుండా దంత వైద్యం చేయడం 1948 నాటి దంత వైద్యుల చట్టం ప్రకారం నేరం. అయినా జనం పోతున్నారంటే, వేరే దారి వాళ్లకు తెలియక, లేదా ఆ దారి ఖర్చుకు భయపడి.

యజమానులకు ఒక మాట

దారుల గురించి చెప్పే ముందు, దాతల్లో వ్యాపారస్తులు చాలామంది ఉన్నారు గనక వాళ్లతో ఒక మాట. ఉద్యోగ బీమా లేనివాళ్లలో కొందరికి నిజానికి ఉండవలసినదే. మీ షాపులో, హోటల్లో, కార్ఖానాలో పదిమంది, అంతకు మించి పనిచేస్తుంటే ఈఎస్ఐలో నమోదు చేయించాలని చట్టం చెబుతోంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లు అందులోకి వస్తారు. యజమాని వాటా జీతంలో 3.25 శాతం, పనివాడి వాటా 0.75 శాతం. పదిహేను వేల జీతానికి రెండు వాటాలూ కలిపితే నెలకు 600 రూపాయలు. దానికి పనివాడికే కాదు, భార్యాపిల్లలకూ, అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం. దంత విభాగం ఉన్న ఈఎస్ఐ ఆసుపత్రుల్లో పళ్లు చూపించుకోవచ్చు.

పనివాడికి జబ్బు చేస్తే వెయ్యి రూపాయలు చేతిలో పెట్టే మంచి మనసు మన యజమానుల్లో ఉంది. అల్లాహ్ కబూల్ చేయుగాక. కానీ ఈఎస్ఐ కట్టడం మెహర్బానీ కాదు, అది పనివాడి హక్కు. మీరు ముందు ఆ హక్కు ఇవ్వండి, ఖైరాత్ తర్వాత.

ప్రభుత్వ కార్డు ఎంతవరకు

ఆరోగ్యశ్రీ ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైంది. ఇప్పుడు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌లో 5 లక్షలు. ఇంత పెద్ద అంకెలు చూసి పళ్లకు కూడా అన్నీ వస్తాయని చాలామంది అనుకుంటారు.

అలా కాదు. ఈ పథకాలు ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద చికిత్సల కోసం పెట్టినవి. దవడ ఎముక విరిగినా, దవడలో గడ్డ వచ్చినా, గ్రహణం మొర్రి ఆపరేషనుకు, నోటి క్యాన్సరుకు ఇవి ఆదుకుంటాయి. సిమెంటు నింపడానికి, రూట్ కెనాల్‌కు, పళ్ల సెట్టుకు కార్డు చూపిస్తే పని జరగదు. అందుకని కార్డు వద్దనుకోకూడదు. మన దేశంలో మగవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం నోటి క్యాన్సరుది. గుట్కా, ఖైనీ, జర్దా నమిలేవాళ్లు మన బస్తీల్లో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. నోట్లో తెల్ల మచ్చ, రెండు వారాలకు మానని పుండు, నోరు సరిగా తెరుచుకోకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా చూపించండి. ఆ రోజున కార్డులో పేరు లేకపోతే చాలా కష్టం. పెళ్లయి వచ్చిన కోడలి పేరు, కొత్తగా పుట్టిన పిల్లల పేర్లు కార్డులో ఎక్కించారా లేదా అన్నది ఈ వారమే చూసుకోండి. అనుమానం ఉంటే 104కు ఫోను చేసి అడగవచ్చు.

ప్రైవేటు పాలసీ కొనేముందు

మన పెద్దలు ఒక సామెత చెబుతారు, పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని. పాలసీ విషయంలో మాత్రం ఏ రాయి అన్నది చూసుకోవాలి.

ముందుగా ధర్మ సందేహం. వ్యాపార బీమా విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. నేను డాక్టరును, ఫత్వా ఇవ్వను. మీరు నమ్మే ఆలిం గారిని అడిగి నిర్ణయించుకోండి. కొనాలని నిర్ణయించుకున్నవాళ్లు మోసపోకూడదన్నదే నా తాపత్రయం.

మామూలు ఆరోగ్య పాలసీ ఆసుపత్రిలో చేరినప్పుడు పనిచేస్తుంది. పళ్ల వైద్యం దాదాపు అంతా కుర్చీలో కూర్చోబెట్టి చేసి ఇంటికి పంపేది. అందుకే ఎక్కువ పాలసీల్లో మినహాయింపుల పేజీలో దంత చికిత్స ఉంటుంది. ప్రమాదంలో పళ్లకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే మాత్రం ఇస్తామని రాసి ఉంటుంది. 2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఒకే రకంగా అమ్ముతున్న ఆరోగ్య సంజీవని పాలసీలో, జబ్బు వల్ల గానీ దెబ్బ వల్ల గానీ అవసరమైన దంత చికిత్సను చేర్చారు. అదీ ఆసుపత్రి చికిత్సకు లోబడే. బిల్లులో 5 శాతం మనమే భరించాలి.

ఓపీ సౌకర్యం అని అదనపు ప్రీమియంతో ఇచ్చేవి ఉన్నాయి. పళ్లకే ప్రత్యేకంగా ఒకటీ అరా పాలసీలు కూడా వచ్చాయి. ఏజెంటు అలాంటిది తెచ్చినప్పుడు ఈ ఐదు ప్రశ్నలు అడగండి. కాగితం మీద రాయించుకోండి.

ఒకటి, పళ్లకు ఏడాదికి ఎంత వరకు ఇస్తారు? రెండు, ఎన్ని నెలలు ఆగాలి? మూడు, సిమెంటు, రూట్ కెనాల్, క్యాపు, పీకడం, సెట్టు, వీటిలో ఏవి వస్తాయి, ఏవి రావు? నాలుగు, మా ఊళ్లో ఏ క్లినిక్కులో చెల్లుతుంది? ఐదు, ముందు మేము కట్టి తర్వాత బిల్లు పంపాలా, లేక నేరుగా వాళ్లే కడతారా?

తర్వాత చిన్న లెక్క వేసుకోండి. ఉదాహరణకు పళ్ల కోసం అదనంగా 3,000 ప్రీమియం అడిగారనుకుందాం, ఏడాదికి 5,000 వరకు ఇస్తారనుకుందాం. క్యాపు రాదు, మొదటి ఏడాది రూట్ కెనాల్ రాదు, చెల్లే క్లినిక్కు జిల్లా కేంద్రంలో ఉంది అంటే, ఆ పాలసీ మీకు పనికిరాదు. ఆ 3,000 ఇంట్లోనే డబ్బాలో వేసుకుంటే ఇద్దరికి సిమెంటు పెట్టించవచ్చు. ఇల్లు గడవడమే కష్టమైన కుటుంబానికి పళ్ల పాలసీ కంటే గుండెకు, ప్రమాదానికి పనికొచ్చే మామూలు ఆరోగ్య పాలసీ ముఖ్యం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద ఉన్న 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు.

పాలసీ చేతికి వచ్చాక చదివి, చెప్పినదానికీ రాసినదానికీ పొంతన లేకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు. క్లెయిము అన్యాయంగా ఆపితే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసాకు 155255 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు. హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది, అక్కడ ఫిర్యాదుకు ఫీజు లేదు.

క్లినిక్కుల మెంబర్‌షిప్ కార్డుల గురించి కూడా చెప్పాలి. అది బీమా కాదు, డిస్కౌంటు మాత్రమే. ఇంట్లో ఐదారుగురు ఉండి, ఆ క్లినిక్కు దగ్గర్లోనే ఉండి, క్లీనింగూ చెకప్పూ అందులో ఉచితంగా వస్తే లాభమే. కార్డు లేకుండా ధర ఎంతో ముందు తెలుసుకున్నాకే డిస్కౌంటును నమ్మండి. ఇక నెలవాయిదాల మీద వైద్యం చేస్తామనేవాళ్లు ఉన్నారు. వెనుక ఫైనాన్సు కంపెనీ ఉంటుంది. వడ్డీ లేదన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, వాయిదా తప్పితే జరిమానా ఉంటుంది. సంతకం పెట్టే ముందు మొత్తం ఎంత కట్టాలో అడగండి. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబం పన్ను నొప్పి తట్టుకోలేక ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సిన అవసరం రాకూడదు. దాని గురించి మళ్లీ చెబుతాను.

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులకు

మనలో కొందరి పిల్లలు అమెరికాలో ఉన్నారు. అక్కడ కూడా పళ్ల బీమా ఆరోగ్య బీమాకు వేరుగా ఉంటుంది. ముసలివాళ్ల కోసం 1965లో పెట్టిన మెడికేర్‌లోనే మామూలు పళ్ల వైద్యం లేదు. మనం చూడడానికి వెళ్లేటప్పుడు కొనే ప్రయాణ పాలసీలో, ఇస్తే గిస్తే, అప్పటికప్పుడు వచ్చిన నొప్పి తగ్గించడానికే కొద్ది మొత్తం ఇస్తారు. పాత పుచ్చుకు ఇవ్వరు. కాబట్టి టికెట్టు కొన్నాక, విమానం ఎక్కడానికి కనీసం రెండు నెలల ముందు పళ్లు చూపించుకోండి. ఇక్కడ వేలల్లో అయ్యేది అక్కడ వేల డాలర్లలో అవుతుంది.

నిజంగా పనిచేసే దారి: దంత వైద్య కళాశాలలు

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఉద్యోగ బీమా లేని కుటుంబానికి మన రెండు రాష్ట్రాల్లో ఉన్న అతిపెద్ద ఆసరా పాలసీ కాదు, దంత వైద్య కళాశాల.

హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రికి ఆనుకుని, ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. విజయవాడలో ఒకటి, కడపలో ఒకటి ప్రభుత్వానివి ఉన్నాయి. ఇవి కాక గుంటూరు, నెల్లూరు, భీమవరం, రాజమండ్రి, ఏలూరు, విశాఖపట్నం, తిరుపతి, కర్నూలు, ఖమ్మం, మహబూబ్‌నగర్, సంగారెడ్డి, నార్కట్‌పల్లి వైపు ప్రైవేటు కళాశాలలు ఉన్నాయి. అక్కడి విద్యార్థికి డిగ్రీ రావాలంటే ఇన్ని పళ్లు నింపాలి, ఇన్ని పీకాలి, ఇన్ని సెట్లు చేయాలి అని లెక్క ఉంటుంది. అంటే రోగి ఎంత అవసరంలో ఉంటాడో కళాశాలకు రోగి అవసరం కూడా అంతే. అందుకే ఫీజు బయటి క్లినిక్కు కంటే చాలా తక్కువ. కొన్ని చోట్ల ఊళ్ల నుంచి బస్సులు కూడా వేస్తారు.

విద్యార్థులు చేస్తారంట, పాడుచేస్తారేమో అని భయపడతారు. పక్కన ప్రొఫెసరు నిలబడి ప్రతి మెట్టునూ చూసి సంతకం పెడితేనే పని ముందుకు పోతుంది. నిదానంగా చేస్తారు, ఎక్కువసార్లు రమ్మంటారు. అదొక్కటే ఇబ్బంది.

ఆ ఇబ్బంది చిన్నది కాదు. రూట్ కెనాల్‌కు నాలుగుసార్లు రమ్మంటే, కూలి చేసుకునే మనిషికి నాలుగు రోజుల కూలి పోతుంది. ఆటో ఛార్జీ, బస్సు ఛార్జీ, మధ్యాహ్నం తిండి వేరే. వైద్యం 500కు దొరికినా మనిషికి పడే ఖర్చు 4,000 అవుతుంది. ఆడవాళ్లకైతే వెంట వచ్చేవాళ్లు లేక సగంలో ఆగిపోతుంది. సగంలో ఆగిన రూట్ కెనాల్ అసలు మొదలుపెట్టనిదాని కంటే చెడ్డది. కళాశాల ఫీజు తగ్గించగలదు గానీ పోయిన కూలి ఇవ్వలేదు. ఆ కూలి దగ్గర మనం అవసరమవుతాం.

దాతలు చేయగలిగింది

క్యాంపులు పెడుతున్నాం, మంచిదే. ఒక ఆదివారం మూడు వందల మందికి నోరు తెరిపించి చూస్తాం, టూత్‌పేస్టు పంచుతాం, ఫొటో దిగుతాం. చీటీలో ‘రెండు పళ్లు నింపాలి, ఒకటి పీకాలి’ అని రాసిస్తాం. ఆ చీటీ పట్టుకుని ఆ అమ్మ ఎక్కడికి పోవాలి? సోమవారం గురించి ఆలోచించని క్యాంపు సగం పనే.

అందుకని నా మనవి నాలుగు మాటల్లో.

మొదటిది, దగ్గర్లోని ఒక దంత వైద్య కళాశాలతో సొసైటీ రాతపూర్వకంగా మాట్లాడుకోవాలి. నెలలో రెండు రోజులు మన వాళ్లను పంపుతాం, కార్డు చూపిస్తే వెంటనే చూడాలి అని. వాళ్లకు రోగులు కావాలి గనక ఒప్పుకుంటారు.

రెండోది, మన డబ్బు డాక్టరు ఫీజుకు కాదు, దారి ఖర్చుకు పెట్టాలి. బస్సు ఛార్జీ, ఒక పూట తిండి, బాగా పేదవాళ్లకు పోయిన కూలిలో కొంత, క్యాపుకు ల్యాబు వాళ్లకు ఇవ్వాల్సిన ఖర్చు. ఆడవాళ్ల వెంట వెళ్లడానికి ఒక అక్కను గౌరవ వేతనం మీద పెట్టుకోవాలి. వైద్యం పూర్తయిందన్న చీటీ చూశాకే ఆ పేరు రిజిస్టరులో కొట్టేయాలి. ఎంతమందిని చూశామన్నది కాదు, ఎన్ని పళ్లు పూర్తిగా బాగయ్యాయన్నది వచ్చే ఏడాది సంచికలో అచ్చువేయాలి.

మూడోది, ఖర్జె హసనా. అత్యవసరంగా ఆరేడు వేలు కావలసిన కుటుంబానికి వడ్డీ లేని అప్పు. నెలకు ఐదు వందల చొప్పున తిరిగి కడతారు. ఇందాక చెప్పిన ఫైనాన్సు కాగితానికి మన జవాబు ఇదే. జకాత్ తీసుకోవడానికి మనసొప్పని మర్యాదస్తులు ఉంటారు, దుకాణం నడుపుకునేవాళ్లు, చిన్న ఉద్యోగం చేసుకునేవాళ్లు. వాళ్లకు ఇది గౌరవంగా ఉంటుంది. ఒక ఇంట్లో తిరిగి వచ్చిన డబ్బు ఇంకో ఇంటికి పోతుంది.

నాలుగోది, పిల్లలు. ఆరేళ్ల వయసులో, పాలపళ్ల వెనుక, ఒక శాశ్వతమైన దవడ పన్ను వస్తుంది. పాలపన్నే కదా ఊడిపోతుందిలే అని తల్లిదండ్రులు దాన్ని పట్టించుకోరు. అది మళ్లీ రాదు. మదర్సాలో, మన స్కూళ్లలో ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఏడాదికి ఒకసారి పరీక్ష చేయించి, ఆ పన్ను గుంటలను ముందే మూసేస్తే పుచ్చు రాకుండా ఆపవచ్చు. మొదలైన పుచ్చును డ్రిల్లు లేకుండా ఆపే సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే మందు ఉంది. చుక్క వేస్తే చాలు. పుచ్చు భాగం నల్లబడుతుంది, అందుకని ముందు తల్లికి చెప్పి వేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ మందునూ, ఫ్లోరైడు టూత్‌పేస్టునూ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఒక పెద్దాయనకు ఇంప్లాంటు పెట్టించే ఖర్చుతో ఒక తరగతి పిల్లలందరి పళ్లూ కాపాడవచ్చు.

జకాత్ డబ్బు దీనికి వాడవచ్చా అని దాతలు అడుగుతారు. జకాత్ ఎవరికి చెందాలో ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది, అందులో పేదలు, అగత్యపరులు మొదటివారు. అర్హుడైన పేదవాడి చేతికి ఇచ్చి అతని వైద్యానికి వాడుకోనివ్వడం వేరు, ఆ డబ్బుతో కుర్చీలు, యంత్రాలు కొనడం వేరు. హనఫీ ఉలమాలు ఆ డబ్బు పేదవాడి సొంతం కావాలంటారు. అందుకని రెండు ఖాతాలు విడివిడిగా ఉండాలి. రోగుల సాయం జకాత్ నుంచి, పిల్లల పరీక్షలు, అక్క గౌరవ వేతనం, ఖర్జె హసనా మూలధనం సదఖా, విరాళాల నుంచి. వేదిక మీదున్న ముఫ్తీ సాబు ఈ పద్ధతిని చూసి సరిదిద్దాలని కోరుతున్నాను.

ఇంకొక చిన్న విషయం. మన డబ్బంతా రంజానులో వస్తుంది, రంజానులోనే ఖర్చయిపోతుంది. పన్ను నొప్పి పన్నెండు నెలలూ వస్తుంది. వచ్చినదాంట్లో ఈ పని కోసం కొంత పన్నెండు భాగాలు చేసి పక్కన పెట్టాలి. ఉపవాసంలో చికిత్స చేయించుకోవడానికి జనం వెనకాడతారు గనక, షాబాన్ నెలలో ఒకసారి అందరూ పళ్లు చూపించుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

ఇంట్లో ఏం చేయాలి

ఏ కుటుంబమైనా ఈ రాత్రి నుంచే చేయగలిగినవి చెప్పి ముగిస్తాను. నెలకు రెండు వందలు పళ్ల పేరున డబ్బాలో వేయండి. ఏడాదికి 2,400. ఇంటిల్లిపాదీ ఏడాదికోసారి కళాశాలలో గానీ, జిల్లా ఆసుపత్రి దంత విభాగంలో గానీ చూపించుకోండి. నొప్పి లేనప్పుడు వెళ్లండి, నొప్పి వచ్చాక వెళితే ఖర్చు పదింతలు. షుగరు ఉన్నవాళ్లు చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే ఊరుకోకండి. చిగుళ్ల జబ్బు షుగరును పెంచుతుంది, షుగరు చిగుళ్లను పాడుచేస్తుంది. రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడు పేస్టుతో తోముకోండి. మిస్వాక్‌కు దైవప్రవక్త (సఅసం) ఎంత ప్రాముఖ్యం ఇచ్చారో మీకు నేను చెప్పనక్కరలేదు. వజూలో రోజుకు ఐదుసార్లు నోరు పుక్కిలించే సముదాయం మనది. ఆ శుభ్రతతో పాటు గుట్కా మానేస్తే సగం వైద్యం ఇంట్లోనే అయిపోతుంది.

దాతలారా, పంటికి కవరేజి అంటే అట్ట మీద అచ్చువేసిన కార్డు కాదు. నొప్పి రాకముందే వెళ్లగలిగే చోటు ఒకటి, వెళ్లిన రోజు ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న ధైర్యం ఒకటి. మొదటిది కళాశాలల రూపంలో మన దగ్గర ఉంది. రెండోది ఇవ్వగలిగినవాళ్లు ఈ హాల్లోనే కూర్చుని ఉన్నారు. వచ్చే వార్షిక సభ నాటికి మన రిజిస్టరులో ‘వైద్యం పూర్తి’ అన్న మాట ఎక్కువ పేర్ల పక్కన కనిపించాలని, మీరిచ్చే ప్రతి రూపాయినీ అల్లాహ్ స్వీకరించాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.